నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా

బైండింగ్ గది,
జూన్ 9

వదినగారికి,

కుశల ప్రశ్నలు తర్వాత వేసుకుందాం, ముందు నా గోల వినండి.

మీ మేనకోడలు పిడుగు ఎడమ కన్ను బద్ధకస్తురాలట. నేనన్న మాట కాదు, కళ్ళ డాక్టరమ్మ అన్నది. కంటికి జబ్బేమీ లేదు, కానీ చూసే పనంతా కుడి కంటికి అప్పజెప్పి అది హాయిగా కూర్చుందట. కుడి కన్ను మూసి అక్షరాల బోర్డు చదవమంటే పై రెండు వరుసలు దాటలేకపోయింది. ఏడున్నరేళ్ళు వచ్చేదాకా మేం కనిపెట్టలేదు. ఈ బద్ధకం ఏ వైపు చుట్టరికమో నేను రాయను, మీకే తెలుసు.

మందు లేదు. రోజూ రెండు గంటలు కుడి కంటికి పట్టీ అంటించి, ఎడమ కంటితో దగ్గరి పనులు చేయించాలి. చిన్నతనంలోనే ఆ కన్ను మాట వింటుందట, పెద్దయ్యేకొద్దీ వినదట. అందుకని ఒక్కరోజు కూడా మానొద్దని డాక్టరమ్మ మూడుసార్లు చెప్పింది. మూడు నెలలకి మళ్ళీ చూపించాలి.

సరిగ్గా ఈ వారమే లైబ్రరీ పని వచ్చింది. మూడొందల అరవై పాత పుస్తకాలు. అన్నీ విప్పి, మళ్ళీ కుట్టి, కొత్త అట్టలు వేసి సెప్టెంబరు ఆఖరుకి ఇవ్వాలి. పదేళ్ళుగా చందమామలూ, ఆఫీసు రిజిస్టర్లూ కుట్టుకుంటూ ఇలాంటి పని కోసమే ఎదురుచూశాను. వదులుకోలేను. కన్ను సంగతి అసలే వదలలేను. ఇక మీ తమ్ముడికి పంపుహౌసులో ఒక వారం పొద్దున డ్యూటీ, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఆయన ఎప్పుడు తింటున్నారో ఎప్పుడు పడుకుంటున్నారో ఆయనకే తెలీదు.

మీరు ఇరవయ్యారేళ్ళుగా నలభై మంది టీచర్లని ఒకరిమీద ఒకరు పడకుండా టైంటేబుల్లో సర్దుతున్నారు. మేం ముగ్గురమే. మాకూ ఒకటి వేసి పంపండి. మీరేం రాస్తే అదే చేస్తాను, ఎదురు చెప్పను. ఈ మాట మళ్ళీ మళ్ళీ అనను, దాచుకోండి.

మీ మరదలు

◆

స్టాఫ్ రూము,
జూన్ 15

మరదలు పిల్లకి,

ఎదురు చెప్పనన్న కాగితాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను.

బద్ధకం మా వైపుదేనని ఒప్పుకుంటున్నాను. కాకపోతే పిడుగుకి ఒక కన్నే. మా తమ్ముడికి మనిషి మొత్తం.

టైంటేబుల్ కవర్లో ఉంది. గోడకి అంటించు. తల పెట్టి చేయాల్సిన పని ఎప్పుడూ రెండో పీరియడ్లో వేయాలి, భోజనం తర్వాత వేస్తే అందరూ నిద్రపోతారు. అందుకని కుట్టు పొద్దున పెట్టాను, అట్టలు కోయడం మధ్యాహ్నం. జిగురు ఆరడానికి ఎలాగూ రెండు గంటలు పడుతుందని ఎప్పుడో అన్నావు కాబట్టి ఆ టైములో వంటా, బట్టలూ. మీ ఆయనకి డ్యూటీని బట్టి మూడు రంగులు వాడాను. ఎరుపు గళ్ళలో ఆయన పడుకుంటాడు, ఎవరూ లేపొద్దు.

పిడుగు స్కూలు నుంచి నాలుగింటికి వస్తుంది. నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా పట్టీ. ఇక్కడే నా అనుభవం చూడు. ఆ రెండు గంటలూ నీ పని ఆపక్కర్లేదు. మా స్కూల్లో ఒక టీచరు సెలవు పెడితే రెండు సెక్షన్లని ఒకే గదిలో కూర్చోబెట్టి కలిపి క్లాసు తీసుకుంటాం. నువ్వూ అంతే చెయ్యి. పిల్లని నీ పక్కనే బైండింగ్ గదిలో కూర్చోబెట్టుకో. ఒక బొమ్మల పుస్తకం ముందు పెట్టి కథ చెబుతూ ఉండు, నీ చేతులు కుట్టుకుంటూ ఉంటాయి. ఒకే గడిలో రెండు పనులు. ఆ గడి గీసినప్పుడు నా పెన్ను నేనే ముద్దు పెట్టుకున్నాను.

ఏ రోజు ఏ గడి అయిందో టిక్కు పెట్టు. నెలకోసారి నాకు పంపు.

వదిన

◆

బైండింగ్ గది,
జూలై 20

వదినగారికి,

మీ టైంటేబుల్ గోడెక్కినప్పటి నుంచి ఈ ఇల్లు ఇల్లులా లేదు, బడిలా ఉంది. మీ తమ్ముడు పంపుహౌసులో పక్కన పడేసిన పాత గంట ఒకటి తెచ్చి గుమ్మానికి వేలాడదీశారు. పీరియడ్ మారినప్పుడల్లా పిడుగు వెళ్ళి కొడుతుంది. మొన్న ఆయన ఒంటికి సబ్బు రాసుకుని ఉండగా కొట్టేసింది. "నాన్నా, స్నానం పీరియడ్ అయిపోయింది, బయటికి రా" అని తలుపు బాదుతుంటే, "ఒక్క చెంబు, ఒక్క చెంబు పోసుకోనివ్వవే తల్లీ" అని ఈయన లోపల్నుంచి బతిమాలుకోవడం. పక్కింటివాళ్ళు ఏమనుకున్నారో!

కానీ ఒప్పుకోవాలి వదినగారూ. పని జరుగుతోంది. నూట ముప్పై పుస్తకాలు అయ్యాయి. లైబ్రరీ ఆయన వచ్చి ఒకటి తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూశారు. ఆయన మొహంలో నవ్వు మొలవడం ఆ లైబ్రరీ పుట్టాక ఎవరూ చూడలేదట. "కుట్టు బిగువుగా ఉందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటకి నేను ఆ పూటంతా అన్నం తినకుండానే కడుపు నిండినట్టు తిరిగాను.

పట్టీ ఒక్కరోజు కూడా తప్పలేదు. టిక్కులు చూడండి, మధ్యలో ఒక్క ఖాళీ లేదు. మొదట్లో పట్టీ అంటించుకోనని ఏడ్చేది. ఇప్పుడు కథ అనగానే తనే తెచ్చి ఇస్తోంది. నా పక్కన చాప మీద కిక్కురుమనకుండా పడుకుని వింటుంది. దీని నోరు రెండు గంటలు మూతపడటం పుట్టాక ఇదే మొదలు.

మీ పెన్నుకి నా తరఫున కూడా ఒక ముద్దు.

అన్నట్టు, ఊళ్ళో వాళ్ళ ఇళ్ళకి టైంటేబుళ్ళు వేస్తున్నారు సరే, మీ ఇంట్లో సాయంత్రం ఐదింటికి ఏం జరుగుతుందో మీకు తెలుసా? అన్నయ్యగారు మీ తమ్ముడికి ఏదో రాశారట. ఈయన చదువుకుని నవ్వుతారు, నాకు చెప్పరు.

మీ మరదలు

◆

స్టాఫ్ రూము,
జూలై 28

మరదలు పిల్లకి,

నీ టిక్కుల కాగితం స్టాఫ్ రూములో అందరికీ చూపించాను. లెక్కల మేష్టారు తనకీ ఒకటి వేసివ్వమన్నాడు. సైన్సు టీచరు వాళ్ళ అత్తగారికి వేసివ్వమంది. నాకిప్పుడు ఊపిరాడటం లేదు, దానికి కారణం నువ్వే.

ఐదింటికి మా ఇంట్లో ఏం జరుగుతుంది? మీ అన్నయ్య మ్యాపులు గీసే ఆఫీసు నుంచి నాలుగున్నరకి వస్తారు, పేపరు చదువుతారు. నేను వచ్చేసరికి ఏడవుతుంది. ఇరవయ్యారేళ్ళుగా అంతే. ఆయన గురించి కొత్తగా తెలుసుకోవాల్సింది ఏముంది?

లైబ్రరీ ఆయన మెచ్చుకున్నాడని పొంగిపోయి గళ్ళు దాటకు.

వదిన

◆

బైండింగ్ గది,
సెప్టెంబరు 8

వదినా,

మొన్న డాక్టరమ్మకి చూపించాం. కుడి కన్ను మూసి బోర్డు చదవమన్నారు. రెండు వరుసలు. జూన్‌లో ఎన్ని చదివిందో అన్నే. ఒక్క అక్షరం ఎక్కువ లేదు.

నేను మీ టిక్కుల కాగితం తీసి డాక్టరమ్మ ముందు పెట్టాను. "ఒక్కరోజు కూడా మానలేదండీ, రెండు గంటలకి ఒక్క నిమిషం తగ్గలేదు" అన్నాను. పోట్లాడినట్టే అన్నాను. ఆవిడ కాగితం చూసింది, తర్వాత పిడుగుని దగ్గరికి పిలిచి, "పట్టీ పెట్టుకున్నాక ఏం చేస్తావు తల్లీ?" అని అడిగింది.

"కథ వింటాను."

"బొమ్మలు చూస్తూనా?"

"ఊహూఁ. కళ్ళు మూసుకుని. అలాగైతే రాజుగారు బాగా కనిపిస్తారు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. పట్టీ అంటించడం వైద్యం కాదమ్మా, ఆ కన్ను చూడటం వైద్యం అంది. మూడు నెలలు ఆ కన్ను ఉత్తినే పడుకుంది. ఇంకో మూడు నెలలు చూద్దామంది. అప్పటికీ కదలకపోతే, ఆ తర్వాత ఆశ పెట్టుకోవద్దని చెప్పకుండానే చెప్పింది.

మీ మీద కోపం వచ్చింది. దాచను. ఒకే గడిలో రెండు పనులట! దారంతా మిమ్మల్ని తిట్టుకుంటూ వచ్చాను. కానీ ఇంటికొచ్చి కూర్చున్నాక తిట్టుకోవాల్సింది ఎవర్నో తెలిసింది. వదినా, నేను చూశాను. అది కళ్ళు మూసుకోవడం ఆగస్టులోనే చూశాను, ఒకసారి కాదు. లేపితే ఏడుస్తుంది, పట్టీ పీకేస్తుంది, చేతిలో పుస్తకం సగంలో ఆగిపోతుంది. అందుకని కథ చెబుతూ కుట్టుకుంటూ పోయాను. గంట కొట్టగానే టిక్కు పెట్టాను. లైబ్రరీ ఆయన నవ్వు కోసం నా కూతురి కన్ను గాలికి వదిలేశాను.

ఇంకా నూట పది పుస్తకాలున్నాయి. మూడు వారాలే గడువు. ఏం చేయమంటారో రాయండి. లేదా రాయకండి.

మరదలు

◆

మా ఇల్లు,
సెప్టెంబరు 14

అమ్మాయీ,

నువ్వు చూసీ చూడనట్టు ఊరుకున్నది నెల రోజులు. నేను ఇరవయ్యారేళ్ళు. కలిపి క్లాసులో ఎవరూ ఏమీ నేర్చుకోరు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. టైంటేబుల్లో గడి ఖాళీగా కనిపిస్తే ఇన్‌స్పెక్టరు అడుగుతాడని వేస్తాం. పిల్లలు గోల చేయకుండా కూర్చుంటే క్లాసు జరిగిందని రాసుకుంటాం. తెలిసి తెలిసి అదే నీకు పంపించాను, పైగా పెన్నుని ముద్దు పెట్టుకున్నాను. తప్పు నాది. నువ్వు తిట్టుకున్నవి సగమే అయితే మిగతా సగం కూడా తిట్టేసుకో.

నీ ఉత్తరం స్కూల్లోనే అందింది. చదివాక అక్కడ కూర్చోలేకపోయాను. పెళ్ళయ్యాక మొదటిసారి నాలుగున్నరకే ఇంటికి బయల్దేరాను. గేటు దగ్గరికి రాగానే లోపల్నుంచి ఏదో మూలుగు వినిపించింది. మీ అన్నయ్యకి ఒంట్లో బాగోలేదనుకుని చెప్పులతోనే పరిగెత్తాను. కుర్చీలో కూర్చుని మౌత్ ఆర్గాన్ వాయిస్తున్నారు. నన్ను చూడగానే దాన్ని దిండు కింద దాచేశారు. యాభై రెండేళ్ళ మనిషి!

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏడు నెలలు. పై వాటా పళ్ళ డాక్టరు నేర్పుతున్నాడు. కొంచెం వచ్చాక నీకు వినిపిద్దామని."

"ఏదీ, వాయించండి."

వాయించారు. రాలేదు. ఏడు నెలలు నేర్చుకున్న మనిషి అలా వాయించకూడదు. కానీ నేను అక్కడే కూర్చుని ఏడ్చాను, ఆయన తన వాయింపు వల్లేనని కంగారుపడి మంచినీళ్ళు తెచ్చారు.

నీకు కొత్త టైంటేబుల్ పంపడం లేదు. గోడ మీద ఉన్నది చింపెయ్యి. ఒకటే చెబుతాను. ముందు ఆ రెండు గంటలూ తీసి పక్కన పెట్టు. వాటిలో ఇంకేదీ పెట్టకు, సూది కూడా. తర్వాత మిగిలిన రోజులో ఏం పడితే అది పడుతుంది, పడనిది పడదు. లైబ్రరీ ఆయన దగ్గరికి వెళ్ళి ఉన్న మాట చెప్పు. మొహమాటపడి చివరి రోజున చేతులెత్తేయడం కంటే ఇది నయం.

పిడుగుకి నా ముద్దులు, రెండు కళ్ళ మీదా.

వదిన

◆

బైండింగ్ గది,
అక్టోబరు 19

వదినగారికి,

వెళ్ళాను. చెప్పాను. మీరనుకున్నట్టు ఆయన కరిగిపోలేదు. "గడువంటే గడువేనమ్మా" అని అరవై పుస్తకాలు వెనక్కి తీసుకున్నారు. వాటిని గడ్డం బైండరుకి ఇచ్చారు. గడ్డం బైండరంటే మా వీధి చివర ఉంటాడే, అట్ట తలకిందులుగా వేసి ఇదే కొత్త పద్ధతి అంటాడు, ఆయన. ఆ అరవై పుస్తకాలూ నేనే సంచుల్లో పెట్టుకుని ఆయన కొట్టుకి మోసుకెళ్ళి ఇచ్చాను. దారిలో నా మొహం ఎలా ఉందో మీరు చూడకపోవడమే మంచిది. మిగిలిన యాభై పూర్తిచేసి గడువులో ఇచ్చేశాను. మళ్ళీ పిలుస్తారో లేదో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు.

ఇప్పుడు నాలుగున్నర అయితే సూది దిండుకి గుచ్చేస్తాను, అంతే. మైదా జిగురు గిన్నెలో గడ్డకట్టనీ, ఎవరొచ్చి పిలవనీ. మొదటి వారం నరకం. కథ లేదనేసరికి పట్టీ పీకి గోడకి అంటించింది. నేను మళ్ళీ అంటించాను. అది మళ్ళీ పీకింది. నాలుగో రోజు ఇద్దరం అరుచుకుని, ఇద్దరం ఏడ్చి, ఇద్దరం కలిసి అన్నం తిన్నాం. ఆ రోజు పట్టీ అరగంటే. టిక్కు పెట్టే కాగితం లేదు కాబట్టి మీకు నిజం రాస్తున్నాను.

తర్వాత దారిలో పడింది. అదేం చేసిందంటారా, సూదిలో దారం ఎక్కించింది. మొదటిసారి ఇరవై నిమిషాలు పట్టింది, ఎక్కించాక వీధిలోకి పరిగెత్తి అందరికీ చూపించి వచ్చింది. బియ్యంలో పెసలు కలిపి ఇస్తే ఒక్కొక్కటే ఏరింది. చీమల వరస ఎక్కడికి పోతోందో మోకాళ్ళ మీద పాకుతూ ఇద్దరం చూశాం, అలమర వెనక ఒక బెల్లం ముక్క దొరికింది. అది అక్కడికి ఎలా వెళ్ళిందో మీ తమ్ముడిని అడగాలి. ఆయనకి పొద్దున డ్యూటీ ఉన్న వారాల్లో పిడుగుని ఆయన కూర్చోబెట్టుకుంటారు. నీటి మీటరు మీద అంకెలు చిన్నగా ఉంటాయి కదా, అలాంటివే కాగితం మీద రాసి చదవమంటారు. తను తప్పు రాసి, అది తప్పు పట్టిందని మురిసిపోతారు.

పుస్తకాలు తక్కువగానే వస్తున్నాయి. అది బాధే. కానీ వదినగారూ, దీనికి ఎడమ చెవి కింద చిన్న మచ్చ ఉంది. పుట్టినప్పటి నుంచీ ఉందట. నేను ఈ నెలలోనే చూశాను.

మీ మరదలు

◆

మా ఇల్లు,
నవంబరు 30

మరదలు పిల్లకి,

నేను ఇప్పుడు వారానికి నాలుగు రోజులు నాలుగుంపావుకే స్కూలు నుంచి బయటపడుతున్నాను. టైంటేబుల్ పని సైన్సు టీచరుకి అప్పజెప్పాను. మొదటి రోజే ఒక మేష్టారికి ఒకే టైములో రెండు క్లాసులు వేసింది. స్కూలు కూలిపోలేదు. కొంచెం బాధేసింది, కూలనందుకు.

మీ అన్నయ్యకి ఒక పాట వచ్చింది, అదీ సగం. ఆ సగం రోజుకి పదకొండుసార్లు వినాలి. పేపరు చదువుకునే మనిషే నయమని ఒక్కోసారి అనిపిస్తుంది. ఆయనతో అనను.

కంటి పరీక్ష ఎనిమిదో తారీకని రాశావు. వచ్చిన వెంటనే రాయి. బస్సు దిగి ఇంటికెళ్ళి కాళ్ళు కడుక్కున్నాక కాదు. దిగగానే.

వదిన

◆

బస్టాండు బెంచీ,
డిసెంబరు 8

వదినా,

దిగగానే రాస్తున్నాను. ఐదు వరుసలు! రెండు కాదు, ఐదు! డాక్టరమ్మ నమ్మక, బట్టీ పట్టిందేమోనని బోర్డు మార్చి మళ్ళీ చదివించింది. మళ్ళీ ఐదు. కన్ను మాట వింటోందట. ఇలాగే పట్టుదలగా చేస్తే ఇంకొన్ని నెలల్లో పట్టీ పూర్తిగా తీసేయొచ్చట.

కాగితం ఒళ్ళో పెట్టుకుని రాస్తున్నాను, అక్షరాలు వంకరగా వస్తే మీరే సర్దుకోండి. మీ తమ్ముడు పక్కనే కూర్చుని ఏడవడం లేదని చెబుతున్నారు.

ఇంకో కబురు. లైబ్రరీ ఆయన మనిషిని పంపారు. గడ్డం బైండరు కుట్టిన అరవై విప్పి మళ్ళీ కుట్టాలట, గడువు నన్నే చెప్పమన్నారు. చెబుతాను, తీరిగ్గా.

పిడుగు మీకు వేరే ఉత్తరం రాస్తుందట. నేను చూడకూడదట. కవరు మీద అడ్రసు మాత్రం రాసిచ్చి అవతలికి పొమ్మంది.

మీ మరదలు

◆

అమ్మ గది,
మంగళవారం

అత్తా,

నేను బాగున్నాను. నువ్వు బాగున్నావా? మామయ్య పాట అయిందా?

ఈ ఉత్తరం ఎడమ కంటితో రాస్తున్నాను. రాసేది కుడి చేత్తోనే. చూసేది ఎడమ కంటితో.

నిన్న నేను ఐదు వరుసలు చదివాను. అమ్మ ఏడ్చింది. నాన్న అమ్మని చూసి నవ్వాడు, తర్వాత తనూ ఏడ్చాడు. డాక్టరమ్మ నాకు బిస్కట్ ఇచ్చింది.

కన్ను మొత్తం బాగైపోతే పట్టీ ఉండదట. అప్పుడు నాలుగున్నరకి అమ్మ మళ్ళీ పుస్తకాలు కుట్టుకోవచ్చు అని నాన్న అన్నాడు. అమ్మ అవునంది. నాలుగున్నరకి నేనూ అమ్మా చీమలు చూస్తాం. నిన్న అమ్మ జడలో తెల్ల వెంట్రుకలు లెక్కపెట్టాను. పదమూడు. అమ్మ పన్నెండే అంది. మళ్ళీ లెక్కపెట్టాం.

టైంటేబుల్ వేసేది నువ్వే కదా. పట్టీ తీసేశాక కూడా ఆ గడిలో నన్నే వెయ్యి. పెన్నుతో వెయ్యి, పెన్సిల్‌తో వద్దు.

ఇంకొకటి చెబుతాను, అమ్మకి చెప్పకు. నిన్న ఆరో వరుస కూడా కనిపించింది. చదవలేదు.

పిడుగు